ఏడో సీటువాడి పాస్‌వర్డ్

"రూటర్ మీద లైట్లు వెలుగుతున్నాయా మేడమ్?"

"వెలుగుతున్నాయి."

"ఏ రంగు?"

"ఆకుపచ్చ. నాకు కావాల్సింది పాస్‌వర్డ్ అండీ, రంగులు కాదు."

నేను మ్యూట్ నొక్కి పక్క సీటువాడికి కన్ను గీటాను. ఇంటర్నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌లో ఏడో సీటు నాది. రోజుకి అరవై కాల్స్. అందులో సగం మంది తమ ఇంటి వైఫై పాస్‌వర్డ్ తామే పెట్టుకుని, తామే మర్చిపోయి, తప్పంతా మాదే అన్నట్టు ఫోన్ చేస్తారు. ఇంటి తాళంచెవి పారేసుకున్నవాడు కనీసం సిగ్గుపడతాడు. వీళ్ళకి అదీ లేదు.

"మేడమ్, మీ పాస్‌వర్డ్ మా దగ్గర ఉండదు. ఇంట్లో వైఫైకి కనెక్ట్ అయి ఉన్న కంప్యూటర్ ఏదైనా ఉందా?"

"ల్యాప్‌టాప్ ఉంది. ఇప్పుడు ఫోన్‌కి పెట్టుకోవాలి."

"చాలా సంతోషం. దాన్నే అడుగుదాం. మీకు గుర్తు లేకపోయినా దానికి గుర్తుంటుంది."

వెనకాల నుంచి ఒక పెద్దావిడ గొంతు వినపడింది. "ఉండవే, గుర్తొస్తోంది. ఏదో పువ్వు పేరు పెట్టాను. గులాబీనా? కాదు కాదు, చామంతి. చామంతి పక్కన ఇంటి నంబరు. ఏ ఇంటి నంబరబ్బా, పాత ఇంటిదా?"

"మేడమ్, వెనకాల ఆ పూలతోట కాసేపు ఆపమంటే మనం పని చూసుకుందాం," అన్నాను.



"మర్చిపోయింది నేను," అంది ఆ అమ్మాయి. గొంతు చల్లగా ఉంది. "ఏం నొక్కాలో చెప్పండి."

చెప్పాను. నెట్‌వర్క్ సెట్టింగ్స్, అందులో వైఫై పేరు, దాని ప్రాపర్టీస్, అందులో సెక్యూరిటీ. పాస్‌వర్డ్ ఉండాల్సిన చోట చుక్కలున్నాయంది. వాటి కింద చిన్న గడి ఉంటుంది, దాన్ని నొక్కితే చుక్కలు అక్షరాలవుతాయని చెప్పాను. "కనపడింది," అని ఫోన్ పెట్టేసింది. థాంక్స్ లేదు, ఏమీ లేదు. నాకు ఒళ్ళు మండింది.

మా ఆఫీసులో ప్రతి సోమవారం పొద్దున్న ఒక తంతు జరుగుతుంది. దాని పేరు 'వారం ఆణిముత్యం'. ఆ వారం వచ్చిన కాల్స్ అన్నింటిలోకీ తెలివితక్కువ కాల్‌ని స్పీకర్లో వినిపిస్తారు. నలభై మందీ నవ్వుకుంటారు. దాన్ని తెచ్చినవాడికి చప్పట్లు. వరసగా పదకొండు వారాలు ఆ చప్పట్లు నాకే పడ్డాయి. పన్నెండో వారానికి పూలతోట కాల్ ఇచ్చాను.

పెద్దావిడ చామంతి దగ్గరికి వచ్చేసరికి జనం పొట్టలు పట్టుకున్నారు. "పాత ఇంటిదా?" అన్నప్పుడు టీమ్ లీడర్ బల్ల గుద్ది మరీ నవ్వాడు. నేను మహా వినయంగా తల వంచుకుని కూర్చున్నాను.

కాల్ అయ్యాక టీమ్ లీడర్ కళ్ళు తుడుచుకుని, "అన్నట్టు, కొత్తగా చేరిన క్వాలిటీ మేడమ్ ఈవిడ. మీ కాల్స్ విని మార్కులు వేసేది ఇకనుంచి ఈవిడే. రెండు మాటలు చెప్పండి మేడమ్," అన్నాడు.

వెనక వరసలో ఒకమ్మాయి లేచింది. నీలం చుడీదార్, భుజానికి సంచీ, మొహంలో నవ్వన్నది లేదు.

"రెండు మాటలే చెప్తాను. ఆ కాల్ చేసింది నేను. పూల పేర్లు చెప్పింది మా అమ్మ."

ఏసీ చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆమెకి మావాళ్ళు రెండో రోజే 'చెవులమ్మ' అని పేరు పెట్టేశారు. పేరు పెట్టింది నేనే. ఒక్కొక్కరివి వారానికి ఐదు కాల్స్ వింటుంది. ఏ ఐదో మాకు తెలీదు. శుక్రవారం సాయంత్రం కాగితం వస్తుంది. నా మొదటి కాగితం ఇలా ఉంది: "విషయం తెలుసు: పదికి పది. మర్యాద: సున్నా. అంతకంటే తక్కువ వేయడానికి ఫారంలో వీలు లేదు."

కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, ఐదు కాల్స్‌లో ముప్పై సార్లు సార్ అన్నాను. లెక్కపెట్టుకోండి."

"మీరు సార్ అంటుంటే తిట్టినట్టుంది."

"మాటలో తప్పేముంది?"

"మాటలో ఏమీ లేదు." హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టింది. "మీరే వినండి."

విన్నాను. "ఇందాకే చెప్పాను కదా సార్." నా గొంతే. ఆ సార్ ఎవరో పాపం, నాలుగోసారి అడిగినట్టున్నాడు, "సారీ బాబూ," అంటున్నాడు. హెడ్‌ఫోన్స్ తీసేశాను.

"రికార్డింగ్ సరిగ్గా లేదు," అన్నాను.

"అవును. మనిషి మాత్రం అచ్చం అలాగే ఉన్నాడు," అంది.

ఒప్పుకుంటాను. ఆ మాటకి నాకు కోపం రావాలి, రాలేదు. పదకొండు వారాలుగా నన్ను చూసి చప్పట్లు కొట్టే జనం మధ్య, నన్ను చూసి మొహం చిట్లించే మనిషి ఒకరు దొరికారు. ఆ చిట్లింపు కోసం రోజూ కాస్త ముందే ఆఫీసుకి రావడం మొదలుపెట్టాను. నా బుద్ధికి నాకే నవ్వొచ్చింది.

ఏ ఐదు కాల్స్ వింటుందో తెలీదు కాబట్టి, అరవై కాల్సూ జాగ్రత్తగా మాట్లాడాల్సి వచ్చేది. "తొందరేం లేదండీ, నిదానంగా చూడండి," అనేవాణ్ణి. పక్క సీటువాడు నా నుదురు పట్టుకుని చూశాడు, జ్వరమేమోనని. శుక్రవారాల్లో మర్యాద సున్నా నుంచి రెండయింది, రెండు నుంచి నాలుగయింది. ఒక శుక్రవారం కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇలా రాసింది: "మూడో కాల్‌లో ముసలాయనతో మీరు నిజంగానే బాగా మాట్లాడారు. ఆశ్చర్యపోయాను." ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకున్నాను. అంత పనీ చేశాను, ఏడో సీటువాణ్ణి!

తర్వాత ఒక సాయంత్రం వాన. ఆఫీసు ఎదురుగా బస్ స్టాప్. రేకుల కింద ఇద్దరమే ఉన్నాం. ఆమె కొంగల్లే ఒంటికాలి మీద నిలబడి చెప్పులోంచి నీళ్ళు వంచుకుంటోంది.

"వానకి కూడా మార్కులు వేస్తారా?" అన్నాను.

"మీకంటే ఎక్కువే వేస్తాను. వస్తానన్న టైముకి వచ్చింది."

"మీరంటే నాకెందుకింత..." అని ఆగిపోయాను. నలభై మందిని నవ్వించే నోరు అక్కడ పెగల్లేదు.

"ఊఁ? నెట్‌వర్క్ పోయిందా?"

"ఏ ఐదు కాల్స్ వింటావో తెలీక, అరవై కాల్స్‌లోనూ నీతోనే మాట్లాడుతున్నాను," అనేశాను. మీరు కాస్తా నువ్వయిందని కూడా చూసుకోలేదు.

ఆమె వాన వైపు మొహం తిప్పుకుంది. నావైపు తిరిగేసరికి కళ్ళలో తడి ఉంది. వాన చినుకేమో అనుకుందామంటే, మేం రేకుల కింద ఉన్నాం.

"నాకూ నీ మీద అలాంటిదేదో ఉంది. అందుకే నా మీద నాకు చిరాకు," అంది. "మా అమ్మ ఈమధ్య చిన్న చిన్నవి మర్చిపోతోంది. నేను పైకి అనను గానీ, లోపల భయం. ఆ గొంతు విని నలభై మంది నవ్వారు. నవ్వించింది నువ్వు. ఆ మనిషిని మా ఇంటికి ఎలా తీసుకెళ్ళను?"

"మీ అమ్మగారని నాకు తెలీదు కదా."

"ఎవరో ఒకరి అమ్మ అని తెలిస్తే చాలదా?"

ఇక్కడ తల వంచుకుంటే సరిపోయేది. నేను వంచుకోలేదు. "ఒక్క కాల్ గురించి ఇంత రాద్ధాంతమా!" అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కింది, వెనక్కి చూడలేదు. మర్నాటి నుంచి నా కాల్స్ వినే పని ఇంకొకరికి అప్పగించింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఎవరి మీద కోపం చూపించాలో తెలీక, వైఫై పాస్‌వర్డ్ మార్చాను. అదేం పిచ్చని అడక్కండి. కసిగా ఏదో కొట్టాను. నా ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ఇంట్లో ఉన్నవాటన్నింటిలో నేనే స్వయంగా ఎక్కించాను. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అమ్మకి కూడా చెప్పను.

మూడు వారాల తర్వాత, ఆదివారం.

చెల్లి ముందురోజే హాస్టల్ నుంచి కొత్త ల్యాప్‌టాప్‌తో దిగింది. పదకొండింటికి దానికి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. మొదటి ఉద్యోగం. తల దువ్వుకుని, కెమెరా ముందు నవ్వు సరిచూసుకుని, "అన్నయ్యా, పాస్‌వర్డ్," అంది. అప్పటికి పదిన్నర.

నోరు తెరిచాను. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం కూడా గుర్తు రాలేదు.

ఊహించి ఐదు రకాలుగా కొట్టాను. పడలేదు. నా ఫోన్‌లో వైఫై పేరు మీద వేలు పెట్టి, కంగారులో 'ఫర్గెట్' నొక్కాను, మళ్ళీ కొట్టి చూద్దామని. ఫర్గెట్ నొక్కితే ఫోన్ కూడా మర్చిపోతుంది. ఈ పని చేసిన కస్టమర్లని నేను ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. నా ల్యాప్‌టాప్ ఆఫీసులో ఉంది. కేబుల్ పెడదామంటే చెల్లి కొత్త ల్యాప్‌టాప్‌కి ఆ బెజ్జమే లేదు. మా వీధిలో మొబైల్ సిగ్నల్ మాటలకి చాలుతుంది, మొహాలకి చాలదు. రూటర్‌ని రీసెట్ చేస్తే కనెక్షన్ వివరాలన్నీ పోతాయి, మళ్ళీ మా ఆఫీసువాళ్ళే పెట్టాలి.

"హెల్ప్‌లైన్‌కి చెయ్యరా," అంది అమ్మ.

"నేనే హెల్ప్‌లైన్‌ని అమ్మా!"

"అయితే చెప్పు మరి."

చెల్లి కళ్ళు నీళ్ళతో నిండాయి. అమ్మ నావైపు ఒక చూపు చూసి, తన బటన్ల ఫోన్ తీసి, బిల్లు మీదున్న నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది.

"నమస్కారమండీ, చెప్పండి."

మొదటి అక్షరానికే గొంతు పోల్చుకున్నాను. క్వాలిటీ వాళ్ళు కూడా నెలకో ఆదివారం ఫోన్ల దగ్గర కూర్చోవాలి. ఆ ఆదివారం ఇదే కావాలా!

"అమ్మాయీ, మా అబ్బాయి వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయాడమ్మా," అంది అమ్మ. "వాడిదీ మీ ఆఫీసే. అందరికీ చెప్పే ఉద్యోగమట. ఇప్పుడు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు."

కనెక్షన్ నా పేరు మీదే ఉంది. ఆమె కళ్ళ ముందు స్క్రీన్ మీద నా పేరు కనపడుతూనే ఉంటుంది.

"పర్లేదండీ, అందరూ మర్చిపోతారు. మీరేం కంగారుపడకండి. ఇంకే కంప్యూటరైనా ఉందా ఇంట్లో?"

"నేను పేకాట ఆడుకునే డబ్బా ఒకటుందమ్మా. వాడు దాన్ని కంప్యూటర్ అనడు."

నిజమే, అనను. ఎప్పటిదో పాతది. కెమెరా లేదు, ఊపిరి కూడా సరిగ్గా లేదు. కానీ ఆ రోజు దానికీ నేనే పాస్‌వర్డ్ ఎక్కించాను.

"అదే మనకి కావాలండీ. సార్‌ని ఆన్ చేయమనండి."

సార్ ఆన్ చేశాడు. అది లేచేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ అమ్మ ఆ అమ్మాయికి తన మోకాళ్ళ నొప్పి, చెల్లి చదువు, పేకాటలో రాణి ముక్క ఎప్పుడూ ఎలా ఇరుక్కుంటుందో చెప్పింది. ఆ అమ్మాయి అన్నిటికీ ఊఁ కొట్టింది. ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. అమ్మ మౌస్‌ని "ఎలక" అన్నప్పుడు కూడా నవ్వలేదు. నేనైతే మ్యూట్ నొక్కి కన్ను గీటేవాణ్ణి. చేతిలో అదే ఎలకతో నిలబడి ఆ మాట అనుకున్నాను. తల తీసేసినట్టయింది.

"నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి సార్. తొందరేం లేదు."

వెళ్ళాను. ప్రాపర్టీస్. సెక్యూరిటీ. చుక్కలు. గడి నొక్కాను.

అక్షరాలు కనపడ్డాయి. 

"అన్నయ్యా, గట్టిగా చెప్పు, నేను కొట్టుకుంటా!" పక్క గదిలోంచి చెల్లి అరిచింది. పదకొండుకి ఆరు నిమిషాలు.

"నేనే వచ్చి కొడతా," అన్నాను.

"నువ్వు ఇందాక వచ్చి కొట్టిందే చాలు! టైమ్ లేదు, చెప్పు!"

 అమ్మ కళ్ళజోడు పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని, వీధికంతా వినపడేలా చదివింది.

"నువ్వు... లేకపోతే... నాకేంటి. ఒకటి రెండు మూడు నాలుగు." కళ్ళజోడు తీసింది. "ఇదేం పాస్‌వర్డురా? ఎవరు లేకపోతే?"

"పడింది!" అని చెల్లి అరిచి తలుపు వేసుకుంది.

 

"సార్," అంది ఆమె ఫోన్లో. గొంతులో ఏదో వణికింది. నవ్వో, ఇంకేదో. "చివర ఒకటి రెండు మూడు నాలుగు పెట్టకూడదండీ. ఎవరైనా సులువుగా కనిపెట్టేస్తారు."

"కనిపెట్టేశారు," అన్నాను.

ఫోన్ పెట్టేశాక అమ్మ అంది, "ఎంత ఓపికరా ఆ పిల్లకి! నువ్వూ ఉన్నావు, నేను టీవీ రిమోట్ అడిగితేనే విసుక్కుంటావు." 

సోమవారం ఆణిముత్యానికి నా కాల్ నేనే ఇచ్చాను. దెబ్బకి దెబ్బ, లెక్క సరిపోతుందనుకున్నాను. "పాస్‌వర్డ్ మర్చిపోయినవాడు ఏడో సీటువాడే," అని చెప్పగానే హాలు దద్దరిల్లింది. భరించాను. తర్వాత అమ్మ గొంతు మొదలైంది. మోకాళ్ళ నొప్పి, రాణి ముక్క, ఎలక. టీమ్ లీడర్ బల్ల గుద్దాడు. పక్క సీటువాడు అమ్మలాగే "ఎలక" అని అని చూపించాడు.

లేచి వెళ్ళి స్పీకర్ వైరు పీకేశాను.

"అసలు సంగతి వినకుండా ఆపేశావేంటయ్యా?" అన్నాడు టీమ్ లీడర్.

"ఆవిడ మా అమ్మ," అన్నాను. "ఆ రోజు నేను వినిపించింది కూడా ఎవరో ఒకరి అమ్మనే. ఇక ఈ తంతుకి నేను కాల్స్ ఇవ్వను, నవ్వను. ఎవరైనా నవ్వితే ఇదిగో, ఈ వైరు పీకుతాను."

వెనక వరస వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు. మీటింగ్ అయ్యాక నడవాలో ఆమే ఎదురొచ్చింది.

"నాకు చెప్పాల్సిందేమైనా ఉందా?"

"తప్పు చేశాను. 'నువ్వు లేకపోతే నాకేంటి' అన్నది వట్టి అబద్ధం," అన్నాను. 

 "నాకు కాదు, అమ్మకి చెప్పు. ఆదివారం ఇంటికి రా," అని వెళ్ళిపోయింది.

వెళ్ళాను. మూడో అంతస్తు. చిన్న హాలు, రెండు కుర్చీలు, కిటికీ పక్కన పుస్తకాల బీరువా. వాళ్ళమ్మగారు ముప్పై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉన్నారు. నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నారు.

"ఎవరు బాబూ నువ్వు?"

"మీ అమ్మాయి పనిచేసే ఆఫీసేనండీ నాది."

తలూపి లోపలికి వెళ్ళారు. టీ కప్పుతో వచ్చి, నా చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నారు.

"ఎవరు బాబూ నువ్వు?"

గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురి వైపు చూశాను. ఆమె మొహం పాలిపోయి, కిటికీ వైపు తిరిగింది.  ఇందాకే చెప్పాను కదా అనే మాట నాలుక చివరకి కూడా రాలేదు.

"ఇంటర్నెట్ హెల్ప్‌లైన్‌లో పనిచేస్తానండీ. ఎవరైనా పాస్‌వర్డ్ మర్చిపోతే ఎలా వెతుక్కోవాలో చెప్తుంటాను."

ఆవిడ కాసేపు వానల గురించి, మెట్ల గురించి మాట్లాడారు. తర్వాత కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఇంతకీ ఎవరు బాబూ నువ్వు?"

కప్పు కింద పెట్టాను. "మీ అమ్మాయి మా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినప్పుడు వెనకాల వినపడిన మీ మాటలు నలభై మందికి వినిపించి నవ్వించినవాణ్ణండీ. బుద్ధి లేక చేశాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

"నలభై మందా?"

"అవునండీ."

"మా బళ్ళో ఒక్కో క్లాసులో అరవై మంది ఉండేవాళ్ళు. వెనక బెంచీ మొత్తం నన్ను చూసి నవ్వేది." ఆవిడ చేత్తో తోసేసినట్టుగా అన్నారు. "సరే, అదైపోయింది. ఎవరు బాబూ నువ్వు?"

నాలుగోసారి. ఎందుకో అప్పుడు నాకు భయం పోయింది. ఎన్నిసార్లు అడిగినా చెప్పొచ్చు, జీవితాంతం అడిగినా చెప్పొచ్చు అనిపించింది.

"మీ అమ్మాయంటే నాకు ప్రాణమండీ. తను ఒప్పుకుంటే పెళ్ళి చేసుకోవాలని ఉంది."

"హమ్మయ్య!" అన్నారావిడ కుర్చీలో వెనక్కి వాలి. "ఈ ఒక్క మాట రాబట్టడానికి ఎంతసేపురా అబ్బాయ్!"

నేను బిత్తరపోయాను. "అంటే... మీకు ఇందాకటివన్నీ గుర్తున్నాయా ఆంటీ?"

"ఎందుకుండవూ? పాస్‌వర్డ్ మర్చిపోయాను గానీ, ఎదురుగా కూర్చున్న మనిషిని మర్చిపోతానా? జవాబు సరిగ్గా వచ్చేదాకా ప్రశ్న మార్చడం నాకు అలవాటు లేదు. నాలుగోసారికి గానీ రాలేదు, వట్టి మొద్దువి." కూతురి వైపు తిరిగారు. "కానీ నాలుగుసార్లూ విసుక్కోకుండా చెప్పాడే. మరి నువ్వేమంటావు?"

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, మొదటిసారికే చెప్పేసింది.

"నాకూ ఇష్టమేనమ్మా."